గల్ఫ్‌లో ట్రేలా ఎక్కే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి వైపు నుంచీ, కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచీ లారీ డ్రైవర్లు సౌదీకి, ఎమిరేట్స్‌కి, ఒమన్‌కి, కువైట్‌కి, ఖతార్‌కి వెళ్తూనే ఉన్నారు. వీళ్లలో చాలామందికి బండి నడపడం ఒకరు నేర్పాల్సిన పని లేదు. మన గతుకుల్లో, సంతల్లో, గేదెల మందల మధ్య లోడు లారీ నడిపినవాళ్లకు అక్కడి వెడల్పాటి రోడ్లు మొదట్లో తేలికగానే కనిపిస్తాయి. ఆ తేలికతనాన్ని నమ్మితేనే ముప్పు.

ఇక్కడ లారీలో క్లీనరు ఉంటాడు. ఎడమవైపు చూస్తాడు, రివర్సు తీసేటప్పుడు దిగి బాడీ మీద తట్టి చెబుతాడు, టైర్లు కొట్టి చూస్తాడు, రాత్రి మూడింటికి మాటలు చెప్పి కునుకు రానివ్వడు. గల్ఫ్ ట్రేలాలో, అంటే ట్రైలర్ లారీలో, ఆ మనిషి ఉండడు. ఇక్కడ ఏదైనా జరిగితే ఓనరు వస్తాడు, యూనియన్ వాళ్లు వస్తారు, తెలిసిన వకీలు దొరుకుతాడు. అక్కడ పోలీసు ముందు నిలబడేది డ్రైవరు ఒక్కడే, అదీ తనకు రాని భాషలో. అందుకే నడిపే నైపుణ్యం కన్నా కాగితాల సంగతి, నిద్ర సంగతి ముందు చెప్పాలి. ఆ రెంటిలో మొదటిది విమానం ఎక్కకముందే తేలిపోవాలి.

ఊళ్లో ఉండగానే

వీసా మీద రాసిన పని ఏమిటో చదివించుకోండి. ఇంటి డ్రైవరు వీసా మీద వెళ్లి కంపెనీ ట్రేలా నడపడం సౌదీలో చట్టవిరుద్ధం. అలా నడిపేవాళ్లు కనిపిస్తారు, నాలుగేళ్లుగా ఏమీ కాలేదనీ చెబుతారు. ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. విజిట్ వీసా మీద పనికి వెళ్లకండి. ‘ఆజాద్ వీసా’ అని పేరు పెట్టి అమ్మేదాన్ని కొనకండి. కఫీల్ (వీసాకు పూచీ ఉన్న యజమాని) ఒకచోట, పని ఇంకొకచోట అయితే, చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా మనిషే అని చెప్పేవాడు ఎవడూ ఉండడు. అక్కడికి వెళ్లాక మార్చుకోవచ్చు అన్న ఏజెంటు మాట మీద అప్పు చేయడం తప్పు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుంది. వీరు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో, లైసెన్సు చెల్లుతోందో లేదో చూడటానికి ఊళ్లో చదువుకున్న పిల్లలెవరైనా చాలు. రిజిస్టరైన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. లక్షల్లో అడుగుతున్నాడంటే అక్కడితో ఆగిపోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఇదే పని చేస్తున్నాయి. దళారి గడప తొక్కే ముందు అక్కడ అడగండి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 10 లక్షలు వస్తాయి. ఈసీఆర్ వాళ్లకు ఇది తప్పనిసరి. తప్పనిసరి కదా అని ఏజెంటు కట్టేసి పాలసీ కాగితం తన దగ్గరే ఉంచుకుంటాడు, ఇంట్లోవాళ్లకు అలాంటిది ఒకటుందనే తెలియదు. కాగితం తీసుకోండి. నామినీ పేరు సరిగ్గా పడిందో చూడండి. ఒక నకలు ఇంట్లో పెట్టండి.

లైసెన్సులో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనుక ఉండటం మనవాళ్లకు మామూలు. దాన్ని ఆర్టీఏలో ఇక్కడే దిద్దించుకోండి. హెవీ ఎంట్రీ గడువు చూసుకోండి. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఏడాదికే చెల్లుతుంది, దాన్ని నమ్ముకుని అక్కడ ఉద్యోగం చేయలేరు. నివాస కార్డు వచ్చాక ఆ దేశపు లైసెన్సే కావాలి. అదీ మీరు నడపబోయే తరగతి బండికే కావాలి. ఎమిరేట్స్‌లో కారుకు, భారీ ట్రక్కుకు, బస్సుకు వేర్వేరు. సౌదీలో ‘ఖుసూసీ’ అంటే సొంత కారు లైసెన్సు. దానితో ట్రేలా తాళం ఇస్తే తీసుకోకండి.

ఇన్నాళ్లూ పది చక్రాల లారీయే నడిపి, ట్రేలా ఎప్పుడూ రివర్సు తీయనివాళ్లు ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే కంటెయినరు ట్రేలా నడిపే తెలిసినవాళ్ల వెంట కొన్నాళ్లు తిరగండి. రివర్సులో స్టీరింగు ఎడమకు తిప్పితే వెనుక భాగం కుడికి పోతుందన్న సంగతి చెబితే అందరికీ అర్థమవుతుంది, చేతులకు అలవాటు కావడానికే రోజులు పడతాయి. జారే రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే వెనుక ట్రేలా మడతపడి క్యాబిన్ మీదకు వస్తుంది. పది చక్రాల లారీ అనుభవం దీన్ని నేర్పదు.

కాంట్రాక్టులో కొన్ని ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా ఉండాలి. జీతమా, ట్రిప్పు లెక్కా? ట్రిప్పు లెక్క అయితే సరిహద్దులో ఆగిన రోజులకు ఏమిస్తారు? జరిమానా ఎవరు కడతారు? టైరు పగిలితే, లోడు తడిస్తే డ్రైవరు మీద వేస్తారా? సౌదీ కార్మిక చట్టం ప్రకారం డ్రైవరు చేసిన నష్టానికి జీతంలో కోత కోసినా నెలకు అయిదు రోజుల జీతం మించకూడదు. ట్రిప్పు లెక్క మీదే పూర్తిగా బతకాల్సిన ఒప్పందం నిద్రను తినేస్తుంది. జీతం కొంచెం తక్కువైనా నెలవారీ ఒప్పందమే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

షుగరు, బీపీ ఉంటే వైద్య పరీక్షలో దాచకండి. దాచి వెళ్లినవారు అక్కడ మందులు లేకుండా ఎడారిలో నడుపుతారు. కళ్లద్దాలు రెండు జతలు చేయించుకోండి. గట్టిగా గురకపెట్టి, పగలు మగతగా ఉండేవారు వెళ్లే ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. వాళ్లకు రాత్రి నిద్ర నిద్ర కాదు, స్టీరింగు ముందు తెలియకుండానే కళ్లు మూతపడతాయి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఇక్కడ అమ్మలకు, భార్యలకు చెప్పాల్సింది ఒకటుంది. గసగసాలు పెట్టకండి. మన వంటింట్లో మసాలా అయినది గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తుంది. కూరపొడిలో కలిపి పంపినా ప్రమాదమే. గుట్కా, ఖైనీ వద్దు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు వద్దు. రోజూ వాడాల్సిన మందులుంటే డాక్టరు చీటీ ఇంగ్లీషులో, మందుల అసలు పెట్టెతో సహా తీసుకెళ్లండి. మా అల్లుడికి ఈ పొట్లం ఇవ్వు బాబూ అని ఎవరైనా ఇస్తే వాళ్ల ముందే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. మొహమాటం వల్ల జైలుకు పోయినవారున్నారు.

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, లైసెన్సు, బీమా కాగితం ఫోటోలు మూడుచోట్ల ఉండాలి: మీ ఫోనులో, ఇంట్లో, గల్ఫ్‌లోనే ఉన్న ఒక నమ్మకస్తుడి దగ్గర. అక్కడికి చేరాక పాస్‌పోర్టు కంపెనీ అడుగుతుంది. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని పట్టి ఉంచుకోవడం సౌదీలో చట్టం ఒప్పుకోదు. అడిగే ధైర్యం అందరికీ ఉండదని తెలుసు. కనీసం నకలైనా మీ దగ్గర ఉండాలి.

తాళం తిప్పే ముందు

సౌదీలో డ్రైవర్ల నోట వినిపించే మాటలు కొన్ని ముందే తెలుసుకోండి. ఇస్తిమారా అంటే బండి రిజిస్ట్రేషన్. తామీన్ అంటే బీమా. ఫహస్ అంటే బండి తనిఖీ. తఫ్‌వీద్ అంటే ఈ బండి మీరు నడపవచ్చని యజమాని ఇచ్చే అనుమతి. కర్త్ తష్గీల్ అంటే బండి సరుకు రవాణా చేయడానికి ఇచ్చిన కార్డు. వీటిలో ఏ ఒక్కదానికి గడువు తీరినా బండి కదిలించకండి. ముదీర్ (మేనేజరు) ఖల్లి వల్లి, పోనీలే అంటాడు, ఒక్క ట్రిప్పే అంటాడు. గడువు తీరిందని చెబుతూ ఒక వాట్సాప్ మెసేజి పంపి, ఆ మెసేజి దాచుకోండి. నోటితో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

తామీన్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, సౌదీలో పొరపాటున జరిగిన ప్రమాదంలో మనిషి చనిపోతే చెల్లించాల్సిన దియా, అంటే ప్రాణానికి పరిహారం, 3 లక్షల రియాళ్లు. ఎమిరేట్స్‌లో 2 లక్షల దిర్హాములు. బండికి బీమా సరిగ్గా ఉండి, మీకు సరైన లైసెన్సు ఉంటే దాన్ని బీమా కంపెనీ భరిస్తుంది. లైసెన్సు తరగతి సరిపోకపోయినా, ఎదురు దారిలో వచ్చినా, రెడ్ సిగ్నల్ దాటినా, బాధితులకు చెల్లించి ఆ మొత్తాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు సౌదీలో బీమా కంపెనీకి ఉంది. ఊళ్లో ఇల్లూ పొలమూ అమ్మినా తీరని అప్పు అది. తీరేదాకా దేశం దాటనివ్వరు.

ఇక బండి చుట్టూ ఒక చుట్టు. ఎండాకాలం టైరు సంగతి ఇక్కడికన్నా అక్కడ చాలా ఎక్కువ చూడాలి. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున కొలవండి. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయకండి, చల్లారాక అది తక్కువై, మళ్లీ వేడికి పక్కలు మడతపడి పగులుతుంది. టైరు గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గుండీలు అరగకుండా కొత్తగా కనిపించినా, అయిదేళ్లు దాటిన టైరును గల్ఫ్ ఎండలో నమ్మకండి. జంట చక్రాల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి.

లోడు కట్టడంలో మన తాళ్ల అలవాటు పనికిరాదు. అక్కడ బెల్టులు, గొలుసులే. ఇనుప కాయిల్సు, పైపులు ఎక్కించినప్పుడు కట్టింది మీరు కాకపోయినా రోడ్డు మీద బాధ్యత మీదే. బయలుదేరిన యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆపి బెల్టులు మళ్లీ బిగించండి. సరుకు కుదురుకుని వదులయ్యేది ఆ మొదటి గంటలోనే. బరువు ఎక్కువైతే ఎక్కించిన చోటే చెప్పండి, మీజాన్ (తూకం కాటా) దగ్గర చెప్పి లాభం లేదు. ఎమిరేట్స్‌లో 2024 ఫిబ్రవరి నుంచి భారీ వాహనం మొత్తం బరువు 65 టన్నులు దాటకూడదన్న నియమం అమలులో ఉంది.

కుడివైపు రోడ్డు

స్టీరింగు ఎడమన, నడక కుడిన. మొదటి వారం అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అలవాటు పడ్డామనుకున్న మూడో వారంలో, నిద్రమత్తులో, ఖాళీ రోడ్డు మీద, పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు చెయ్యి పాత దారి పడుతుంది. అందుకే ఆగి ఉన్న ప్రతిచోట నుంచి కదిలేటప్పుడు ‘నేను కుడి అంచున’ అని నోటితో పైకి అనుకోండి. రౌండబౌట్‌లో వాహనాలు మన దగ్గర తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతాయి. లోపల ఉన్నవాడికే ముందు దారి, అతను మీ ఎడమ నుంచి వస్తాడు. ముందు ఎడమకు చూడండి.

మీ చూపుకు అందని పక్క ఇప్పుడు కుడివైపు. క్యాబిన్ కుడి తలుపు పక్కన ఒక చిన్న కారు నిలబడితే మీకు కనిపించదు. కుడికి తిరిగేటప్పుడు అద్దం ఒకసారి చూసి తిప్పేయకండి, తిరుగుతున్నంతసేపూ చూస్తూ ఉండండి. రివర్సులో అనుమానం వస్తే దిగండి. ఎన్నిసార్లైనా దిగండి. క్లీనరు చేసే పని మీ కాళ్లే చేయాలి.

సౌదీ హైవేల మీద లారీల వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. పక్కన కార్లు 120, 140లో పోతుంటాయి. ట్రేలా కుడి లేన్ వదలకూడదు. రోడ్డు అంచు మీద నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. హారన్ కొట్టుకుంటూ దారి చేసుకునే అలవాటు ఇక్కడే వదిలేయండి. తప్పులు పట్టే సాహెర్ కెమెరాలు 2010 నుంచి సౌదీ రోడ్ల మీద ఉన్నాయి. ముఖాలఫా, అంటే జరిమానా, ఫోనుకు వచ్చి పడుతుంది, పోలీసుతో మాట్లాడుకుని పోయే వీలుండదు. డబ్బులు ఇవ్వజూపకండి, అది వేరే నేరం. ఎమిరేట్స్‌లో తప్పులకు వేసే బ్లాక్ పాయింట్లు 24 పడితే లైసెన్సు ఆగిపోతుంది. డ్రైవరుకు అదంటే పని పోవడమే.

బోర్డుల మీద చాలాచోట్ల ఇంగ్లీషు ఉంటుంది. తాత్కాలికంగా పెట్టిన వాటి మీద, పాత వంతెనల మీద అరబ్బీ అంకెలే ఉండొచ్చు. ఎత్తు ఎంతో, బరువు ఎంతో చదవలేకపోతే వంతెన కింద ఇరుక్కుంటారు. అరబ్బీ అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా వట్టి చుక్క. ఈ రెండింటి దగ్గరే తడబాటు. పది అంకెలూ విమానం ఎక్కకముందు ఒక సాయంత్రం కూర్చుని నేర్చుకోవచ్చు. యమీన్ కుడి, యసార్ ఎడమ, ఖిఫ్ ఆగు, ఖతర్ ప్రమాదం, మమ్నూ నిషేధం, తహ్‌వీలా దారి మళ్లింపు. తెలంగాణ వాళ్లకు కాస్త ఉర్దూ వస్తుంది కనుక పఠాన్ డ్రైవర్లతో, పాకిస్తానీలతో మాట కలుస్తుంది. దారి గురించి వాళ్లు చెప్పేది శ్రద్ధగా వినండి, ఏ మలుపు ఎలాంటిదో వాళ్లకు ఏళ్లుగా తెలుసు.

పెద్ద ఊళ్లలో రద్దీ వేళల్లో లారీలను రానివ్వరు. రియాద్, జిద్దా, దమ్మామ్, దుబాయ్ ఒక్కోచోట ఒక్కో వేళ, రంజాన్‌లో మళ్లీ మారుతుంది. దుబాయ్‌లో ఎమిరేట్స్ రోడ్డు మీద అల్ అవీర్ నుంచి షార్జా వైపు సాయంత్రం 5:30 నుంచి 8 గంటల దాకా 2025 జనవరి నుంచి నిషేధం పెట్టారు. బయలుదేరే రోజు వేళలు కనుక్కుని, ఆ సమయంలో ఎక్కడ పార్కింగు చేయాలో ముందే ఖాయం చేసుకోండి. రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళకు ముందు అరగంట కార్లు విపరీతమైన వేగంతో ఇళ్లకు పోతాయి. వీలైతే ఆ అరగంట బండి పక్కన పెట్టండి. పగలు బయట నలుగురిలో తినడం, తాగడం మానండి.

నిద్ర

సౌదీలో పదో నంబరు హైవే మీద హరద్ నుంచి బతా సరిహద్దు వైపు దాదాపు 240 కిలోమీటర్లు రోడ్డు ఒక్క వంపు లేకుండా పోతుంది. 80లో పోతే మూడు గంటలు. స్టీరింగు కదలదు, ఎక్కాల్సిన గుట్ట లేదు, ఆపి టీ తాగే కొట్టు దగ్గర్లో ఉండదు. రెండు పక్కలా ఇసుక. మన ఘాట్ రోడ్లో నిద్ర రాదు, ఇలాంటి రోడ్డే నిద్రపుచ్చుతుంది. 80 వేగంలో మూడు సెకన్లు కన్ను మూస్తే బండి దాదాపు 67 మీటర్లు పోతుంది. ముందు ఆగి ఉన్న ట్రేలాను గుద్దడానికి అది చాలు.

యూరప్ చట్టం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విశ్రాంతి తప్పనిసరి చేసింది, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపనివ్వదు. మీ కంపెనీ ఏ లెక్క పెట్టినా మీ లెక్క ఇదే కావాలి. రెండు గంటలకోసారి దిగి బండి చుట్టూ నడవండి. ఆవలింతలు వరుసగా వస్తున్నా, దాటిన బోర్డు ఏమిటో గుర్తురాకపోయినా, బండి గీత మీదికి పోతున్నా అది మీ శరీరం చెప్పే ఆఖరి మాట. కిటికీ తెరవడం, పాటలు పెంచడం, మొహాన నీళ్లు కొట్టుకోవడం పది నిమిషాలకు మించి పనిచేయవు. ఇరవై నిమిషాలు పడుకుంటే గంట నడపొచ్చు. రాత్రి రెండు నుంచి తెల్లారి అయిదు దాకా, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఈ రెండు వేళలా ఎంత అనుభవమున్నవాడికైనా కళ్లు బరువెక్కుతాయి. ఆ వేళల్లో నడపకుండా ట్రిప్పు వేసుకోండి.

నిద్ర రాకుండా మాత్ర ఇస్తానని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కప్టగాన్ అని పిలిచే ఆ మాత్రలు ఆ ప్రాంతంలో పెద్ద శాపం. 2021 ఏప్రిల్‌లో లెబనాన్ నుంచి వచ్చిన దానిమ్మ పండ్లలో 50 లక్షలకు పైగా మాత్రలు సౌదీ అధికారులకు దొరికాయి, ఆ దేశపు కూరగాయలు, పండ్ల దిగుమతినే ఆపేశారు. మాదకద్రవ్యాల రవాణాకు సౌదీలో మరణశిక్ష దాకా ఉంది. కాబట్టి లోడు ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడండి, సీలు నంబరు కాగితంతో సరిచూసుకోండి, సీలు ఫోటో తీసుకోండి. దారిలో సీలు తెగి ఉంటే ముందుకు పోకుండా కంపెనీకి, పోలీసులకు చెప్పండి. ఎవరినీ ఎక్కించుకోకండి.

పడుకునే చోటు కూడా చూడాలి. నీడ కోసం ట్రేలా కింద పడుకోవడం మన దగ్గరా ఉంది, అక్కడా ఉంది. మీరు కింద ఉన్నారని తెలియక బండి కదిలించేవాడు మీ స్నేహితుడే కావచ్చు. ఎంత ఎండైనా ఆ పని చేయకండి. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని పడుకోవద్దు, పొగ లోపలికి చేరితే మెలకువ రాదు. క్యాబిన్‌లో స్టవ్ వెలిగించకండి. ట్యాంకరు దగ్గరైతే ఆ ఊసే వద్దు.

ఎండ, ఇసుక, వాగు, ఒంటె

క్యాబిన్‌లో ఎప్పుడూ ఇద్దరికి ఒక రోజుకు సరిపడా నీళ్లు ఉండాలి. బతా, సల్వా, ఖఫ్జీ వంటి సరిహద్దుల్లో వరుస ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. బియ్యం, పప్పు, పచ్చడి, ఖర్జూరం దగ్గరుంచుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా తాగండి, మూత్రం ముదురు పసుపైతే తక్కువ తాగుతున్నట్టే. మూత్రానికి ఆపాల్సి వస్తుందని నీళ్లు మానేసేవాళ్లకు కిడ్నీ రాళ్లు రావచ్చు. బండి ఆగిపోయి ఏసీ పోతే దాన్ని వదిలి ఎడారిలో నడిచి పోకండి. వెతికేవాళ్లకు ట్రేలా కనిపిస్తుంది, మనిషి కనిపించడు. పక్కవాడు తికమకగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు తడిపి, మెడకూ చంకల్లోనూ చల్లటి గుడ్డ పెట్టి అంబులెన్సుకు ఫోను చేయండి.

గాలిదుమారంలో ఖాళీ కంటెయినరు మోసే ట్రేలా పక్కకు ఒరిగిపోతుంది. లోడు లేదు కదా అని వేగం పెంచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక తిన్నె రాత్రి దగ్గరికి వచ్చేదాకా తెలియదు. ఒంటెల కాళ్లు పొడవు. గుద్దితే దాని ఒళ్లు నేరుగా అద్దం మీద పడుతుంది, చిన్న బండ్లలో ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఒక ఒంటె దాటిందంటే వెనుక ఇంకొకటి ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున పొగమంచులో అబుధాబిలో లారీలను ఆపేస్తారు. ఆపమంటే ఆపండి. కదులుతున్న బండికి నాలుగు లైట్లూ వేసుకుని పోకండి, వెనుకవాడికి మీరు ఆగారో పోతున్నారో తెలియదు.

వర్షం అరుదు కనుక వాగు అంటే భయం ఉండదు. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో కురిసిన వాన అల్ ఐన్ దగ్గర ఒకచోట 24 గంటల్లో 254 మిల్లీమీటర్లు. మన దగ్గర వాగు దాటిన ధైర్యంతో అక్కడి వాదీలో బండి దింపకండి. వరద పారుతున్న వాదీలోకి దిగితే ఎమిరేట్స్‌లో 2,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, బండి 60 రోజులు జప్తు. ఒమన్‌లో తుమ్రైత్ నుంచి సలాలా దిగే రోడ్డు బాగా వాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ తుంపర, మంచు. శ్రీశైలం ఘాట్లో లోడు దింపినవాళ్లకు చెప్పక్కర్లేదు: దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించి రిటార్డరు వేసుకోవాలి, బ్రేకు మీద కాలుంచి దింపకూడదు.

ప్రమాదం జరిగితే

పారిపోకండి. మన దేశంలో డ్రైవరు పారిపోవడానికి ఒక కారణముంది. జనం కొడతారు. ప్రాణం దక్కించుకుని తర్వాత స్టేషనులో లొంగిపోవడం ఇక్కడ అలవాటైపోయింది. గల్ఫ్‌లో జనం చుట్టుముట్టి కొట్టే స్థితి ఉండదు. పారిపోతేనే చిన్న తప్పు పెద్ద నేరమవుతుంది, బీమా కూడా చేజారుతుంది. ఇది ముందే మనసులో గట్టిగా నాటుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచన రాదు, అలవాటే కాళ్లను నడిపిస్తుంది.

ఇంజను ఆపి, రిఫ్లెక్టరు చొక్కా వేసుకుని, త్రికోణం వెనుక వంద మీటర్ల దూరాన పెట్టి, రోడ్డు అవతలికి పోయి ఫోను చేయండి. సౌదీలో రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతంలో 911. మిగతాచోట్ల ప్రమాదాలకు 993, అంబులెన్సుకు 997, హైవే పోలీసుకు 996. ఎమిరేట్స్‌లో పోలీసు 999, అంబులెన్సు 998. ఒమన్‌లో 9999, కువైట్‌లో 112, ఖతార్‌లో, బహ్రెయిన్‌లో 999. ఎవరికీ దెబ్బలు తగలకపోతే సౌదీలో ప్రమాదాలు పరిశీలించే నజ్మ్ సంస్థ వాళ్లు వచ్చి తప్పు ఎవరిది ఎంత శాతమో తేలుస్తారు. నూటికి నూరు, డెబ్బై అయిదు, యాభై, ఇరవై అయిదు, సున్నా. కాబట్టి మీ వైపు ఆధారాలు ముఖ్యం: బండి నిలిచిన తీరు, టైరు గుర్తులు, సిగ్నలు. గాయపడినవాళ్ల ముఖాల ఫోటోలు మాత్రం తీయకండి. వీడియో తీసి వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో పెట్టడం ఎమిరేట్స్‌లో నేరం. సరిహద్దుల్లో, సైనిక స్థావరాల పక్కన రీల్సు తీసే సరదా కూడా వద్దు.

అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకండి. దుబాసీ కావాలని అడగండి. కఫీల్‌కు, భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని చెప్పండి. సౌదీలో రాయబార కార్యాలయం రియాద్‌లో, కాన్సులేట్ జిద్దాలో ఉన్నాయి, ఎమిరేట్స్‌లో అబుధాబి, దుబాయ్. ఎమిరేట్స్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 80046342. భారత ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇంటి నుంచి కూడా నమోదు చేయొచ్చు. కంపెనీతో గొడవైతే పని వదిలి చెప్పకుండా పోకండి. హురూబ్, అంటే పని వదిలి పారిపోయాడని, రాయించారంటే తర్వాత మీ వైపు న్యాయమున్నా వినేవాళ్లు తక్కువ.

ఇంట్లో ఉన్నవాళ్లకు

వీసా డబ్బు వడ్డీ ఎంత కట్టావు, అక్క పెళ్లికి ఎంత పంపుతావు అని రోజూ అడిగితే ఆ మనిషి నిద్ర మానుకుని ఇంకో ట్రిప్పు వేస్తాడు. అప్పు లెక్క ఆదివారం మాట్లాడుకోండి. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు, దుబాయ్ గడియారం గంటన్నర వెనుక. మీరు అన్నం తిని తీరిగ్గా ఫోను చేసే రాత్రి తొమ్మిదికి రియాద్‌లో సాయంత్రం ఆరున్నర, అప్పుడు అతను రోడ్డు మీద ఉండవచ్చు. ఫోను చేసే వేళ ముందే అనుకోండి. ఎత్తగానే మొదట బండి నడుపుతున్నావా అని అడగండి. అవునంటే ఇంకో మాట మాట్లాడకుండా పెట్టేయండి.